డబ్బు ముట్టిందని చెప్పేదెవరు?

విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం పూట ఏ కిరాణా కొట్టు ముందైనా కాసేపు నిలబడి చూడండి. కొనడానికి వచ్చినవారు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, డబ్బు పంపి, ఫోను తెర యజమానికి చూపిస్తారు. ఆయన ఆ తెర వంక చూడరు. చేతులు పొట్లం కడుతూనే ఉంటాయి, చెవి మాత్రం గల్లాపెట్టె పక్కనున్న చిన్న సౌండ్ బాక్స్ మీద ఉంటుంది. అది "నూట ఇరవై రూపాయలు" అని పలకగానే పొట్లం చేయి మారుతుంది. పెట్టె పలకలేదా, ఎదుటివారి ఫోనులో ఎంత పెద్ద పచ్చ గుర్తు కనిపిస్తున్నా "ఒక్క నిమిషం ఆగండి" అంటారు.

పీడీఎఫ్ పుస్తకాన్నో ఆడియో పాఠాన్నో ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టి, డబ్బు పడిన మరుక్షణం అది కొన్నవారికి దానంతట అదే చేరేలా చేయాలనుకునేవారు ముందు అర్థం చేసుకోవలసింది ఆ యజమాని చెవినే. డబ్బు వచ్చిందన్న మాట కొన్నవారి నోట వినకూడదు. డబ్బు అందుకున్న చోటు నుంచే నేరుగా వినాలి. చాలా దుకాణాలు ఇక్కడే తప్పటడుగు వేస్తున్నాయి. ఆ తర్వాత దొంగ కొనుగోళ్లనీ, అందని ఫైళ్లనీ బాధపడుతున్నాయి.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది మా ఊరి వయొలిన్ మాస్టారి పాఠాల అమ్మకం పని చేతికి తీసుకున్నాక. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో వెలసింది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ బోధించారు. ఇలాంటి ఊళ్లో ఏ వీధిలోనో ఒక మాస్టారు సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు తన పద్ధతిలో రాసుకుని, ఒక్కొక్కదాన్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించి రికార్డు చేసి పెట్టుకోవడం వింతేమీ కాదు. మా మాస్టారు అలాగే 64 పేజీల స్వరలిపి పుస్తకం, 22 ఆడియో పాఠాలు తయారు చేశారు. ధర 249 రూపాయలు.

మొదట్లో అమ్మకం వాట్సాప్‌లో సాగేది. కావలసినవారు మాస్టారి నంబరుకు యూపీఐ ద్వారా డబ్బు పంపి స్క్రీన్‌షాట్ పెట్టేవారు. ఆయన బ్యాంకు యాప్ తెరిచి చూసుకుని ఫైళ్లు పంపేవారు. పదిమంది కొన్నంతవరకు బాగానే ఉంది. తర్వాత రాత్రి పదకొండుకు డబ్బు కట్టినవారు తెల్లవారేదాకా ఎదురుచూడవలసి వచ్చేది. ఆయన కచేరీకి పొరుగూరు వెళితే రెండు రోజులు. పాత స్క్రీన్‌షాట్‌లో తేదీ మార్చి పంపినవారూ ఉన్నారు. అన్నిటికంటే ఆయన్ను కుంగదీసింది మరొకటి. ఒకే ఉదయం ఇద్దరి నుంచి 249 రూపాయల చొప్పున వచ్చాయి, స్క్రీన్‌షాట్లు మాత్రం ముగ్గురు పెట్టారు. నిజంగా కట్టిన ఒక తల్లిని ఆయన అనుమానించి "మీ డబ్బు రాలేదమ్మా" అన్నారు. ఆవిడ బ్యాంకు స్టేట్‌మెంట్ పంపేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది.

సొంత యూపీఐ నంబరుతో ఈ చిక్కు వీడదు. అక్కడ డబ్బు ఒక మనిషి నుంచి మరో మనిషికి వెళుతుంది. ఫలానా ఆర్డరుకు సంబంధించిన సొమ్ము ఇదీ అని ఏ యంత్రానికీ కబురు వెళ్లదు. బ్యాంకు ఎస్‌ఎంఎస్‌లను చదివి ఫైలు పంపే యాప్‌లు కొందరు వాడుతున్నారు. వాటిని నేను ఎవరికీ సిఫారసు చేయను. ఎస్‌ఎంఎస్ ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఒకే నిమిషంలో రెండు 249లు వస్తే ఏది ఎవరిదో అందులో ఉండదు.

అందుకే మధ్యలో పేమెంట్ గేట్‌వే కావాలి, అంటే కొనేవారి దగ్గర డబ్బు అందుకుని ఏ ఆర్డరుదో మనకు చెప్పి మన ఖాతాకు చేర్చే సంస్థ. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటివి ఈ పని చేస్తాయి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా చూపి కేవైసీ పూర్తి చేస్తే విడి వ్యక్తి కూడా ఖాతా తెరవవచ్చు. వెబ్‌సైటులో ధరలు, డబ్బు వాపసు నిబంధనలు, సంప్రదించే చిరునామా కనిపించాలని అడుగుతారు. రుసుము మామూలుగా 2 శాతం దగ్గర ఉంటుంది, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. అంటే 249 రూపాయల అమ్మకంలో దాదాపు 5 రూపాయల 88 పైసలు పోతాయి. మాస్టారికి ఇది మొదట రుచించలేదు. రాత్రిళ్లు స్క్రీన్‌షాట్లు సరిచూసే పని పోయాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అసలు నడక. కొనేవారు "కొనండి" మీట నొక్కగానే మన సర్వర్, అంటే మన వెబ్‌సైటును నడిపే కంప్యూటర్, గేట్‌వేకి కబురు పంపి ఒక ఆర్డరు తెరిపిస్తుంది. దానికి ఒక సంఖ్య వస్తుంది. ధర ఎంతో గేట్‌వేకి చెప్పవలసింది మన సర్వరే. కొనేవారి బ్రౌజర్‌ను చెప్పనిస్తే, కాస్త తెలిసినవారు 249ని 1గా మార్చి పంపగలరు. ఇంకొక చిన్న సంగతి: రేజర్‌పే మొత్తాన్ని పైసల్లో అడుగుతుంది. 249 రూపాయలంటే 24900 అని రాయాలి. ఇది తెలియక 249 అని రాసి, రెండు రూపాయల నలభై తొమ్మిది పైసలకు సరుకు అమ్మినవారు ఉన్నారు.

ఆపైన కొనేవారు యూపీఐతోనో కార్డుతోనో డబ్బు కడతారు. కట్టాక రెండు దారుల్లో మనకు కబురు వస్తుంది. చిక్కంతా ఈ రెంటినీ ఒకటే అనుకోవడంలో ఉంది.

మొదటి దారి కొనేవారి బ్రౌజర్. డబ్బు కట్టడం అయ్యాక గేట్‌వే వారిని తిరిగి మన "ధన్యవాదాలు" పేజీకి పంపుతుంది. ఆ పేజీలోనే డౌన్‌లోడ్ లింకు పెట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇది ఫోను తెర చూసి పొట్లం చేతికివ్వడం లాంటిది. ఆ పేజీ చిరునామా ఎవరైనా తన స్నేహితులకు పంపితే, డబ్బు కట్టనివారు కూడా నేరుగా అక్కడికే వచ్చి ఫైలు దించుకుంటారు. దీనికి తలకిందులైన కష్టం కూడా ఉంది. పార్వతీపురం దాటి రాయగడ వైపు వెళ్లే రైల్లో కూర్చుని ఒకరు డబ్బు కట్టారనుకోండి. యూపీఐ యాప్‌లో పిన్ నొక్కారు, ఖాతాలో డబ్బు తగ్గింది, కొండల మధ్య సిగ్నల్ పోయింది. బ్రౌజర్ మన పేజీకి తిరిగి రాలేదు. రైలు ఎక్కనక్కరలేదు కూడా. తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలో యూపీఐ యాప్ తెరుచుకోగానే వెనకనున్న బ్రౌజర్ మూతపడుతుంది. డబ్బు కట్టినవారికి ఖాళీ తెర మిగులుతుంది.

రెండో దారి వెబ్‌హుక్. గేట్‌వే సర్వర్ నేరుగా మన సర్వర్ తలుపు తట్టి "ఈ ఆర్డరుకు ఇంత సొమ్ము ముట్టింది" అని చెబుతుంది. కొనేవారి ఫోను ఆరిపోయినా, బ్రౌజర్ మూతపడినా ఈ కబురు ఆగదు. సౌండ్ బాక్స్ ఇదే. ఫైలు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం దీని మీదే నిలబడాలి. "ధన్యవాదాలు" పేజీ కొన్నవారిని పలకరించడానికీ, "మీ పాఠాలు సిద్ధమవుతున్నాయి" అని చెప్పడానికీ ఉండాలి. వెబ్‌హుక్ అందగానే ఆ పేజీలోనూ లింకు వెలిగేలా చేయవచ్చు.

అయితే మన తలుపు తట్టింది గేట్‌వేయేనని నమ్మడం ఎలా? ఆ తలుపు చిరునామా తెలిసిన ఎవరైనా "డబ్బు ముట్టింది" అని దొంగ కబురు పంపవచ్చు. దానికే సంతకం. మనకూ గేట్‌వేకూ మాత్రమే తెలిసిన ఒక రహస్య పదం ఉంటుంది. పంపే సందేశాన్నీ ఆ రహస్యాన్నీ కలిపి గేట్‌వే ఒక లెక్క కట్టి, వచ్చిన ముద్రను సందేశంతో పాటు పంపుతుంది. ఈ లెక్క పేరు హెచ్‌మాక్. మన సర్వర్ తన దగ్గరున్న రహస్యంతో అదే లెక్క మళ్లీ కడుతుంది. రెండు ముద్రలూ ఒకటైతేనే లోపలికి రానివ్వాలి. సందేశంలో ఒక్క అంకె మారినా ముద్ర పూర్తిగా వేరైపోతుంది.

ఇక్కడ నేనొక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. రహస్యం సరైనదే, సందేశం సరైనదే, ముద్రలు మాత్రం కలవవు. కారణం ఏమిటంటే, నేను వాడిన పనిముట్టు సందేశం రాగానే దాన్ని విప్పి, సర్ది నా చేతికిస్తోంది. దాన్ని మళ్లీ కూర్చి లెక్క కడితే ఎక్కడో ఒక ఖాళీ తేడా వస్తోంది. వచ్చిన సందేశాన్ని విప్పకముందే, ఉన్నదున్నట్టు తీసుకుని లెక్క కట్టాలి. ఇంకొక తప్పు కూడా తరచూ జరుగుతుంది. పరీక్షల కోసం గేట్‌వే ఇచ్చే ఖాతా వేరు, నిజమైన డబ్బు నడిచే ఖాతా వేరు. పరీక్షలయ్యాక అసలు ఖాతాకు మారి, పాత రహస్యాన్ని అలాగే వదిలేస్తే వచ్చిన ప్రతి కబురూ దొంగదని వెనక్కి పోతుంది. డబ్బు వస్తూనే ఉంటుంది, ఒక్క ఫైలూ వెళ్లదు.

సంతకం కలిసినంత మాత్రాన పని అయిపోలేదు. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. మన సర్వర్ నుంచి "అందింది" అన్న బదులు సమయానికి రాకపోతే గేట్‌వే మళ్లీ తడుతుంది. రేజర్‌పే అయితే 5 సెకన్లలో బదులు కోరుతుంది, రాకపోతే 24 గంటల దాకా విరామాలు పెంచుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అందుచేత కబురు రాగానే దాన్ని రాసిపెట్టుకుని వెంటనే "అందింది" అనాలి. మెయిల్ పంపడం, ఫైలు తయారు చేయడం ఆ తర్వాత తీరికగా చేయాలి. ప్రతి చెల్లింపుకూ ఉండే సంఖ్యను పట్టికలో రాసి, అదే సంఖ్య రెండోసారి ఎక్కకుండా కట్టడి చేయాలి. అప్పుడు పదిసార్లు తట్టినా పాఠాలు ఒక్కసారే వెళతాయి. ముట్టిన సొమ్ము మనం అడిగిన సొమ్మేనా అన్నదీ ఇక్కడే సరిచూడాలి.

ఖాతాలో డబ్బు తగ్గి, గేట్‌వేకి మాత్రం నిర్ధారణ రాని సందర్భాలు కూడా ఉంటాయి. అప్పుడు కొన్నవారు మనల్నే నిలదీస్తారు. రిజర్వు బ్యాంకు 2019లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో వ్యాపారికి చెల్లింపు నిర్ధారణ చేరకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ డబ్బు దానంతట అదే వెనక్కి వెళ్లాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఈ రెండు వాక్యాలు దుకాణం పేజీలో రాసి పెట్టాక మాస్టారికి వచ్చే కోపపు ఫోన్లు బాగా తగ్గాయి.

ఇక ఫైలు పంపడం. మెయిల్‌కు జతచేసి పంపితే సరిపోదా అని అందరూ అడుగుతారు. జీమెయిల్‌లో జతచేయగల పరిమితి 25 ఎంబీ. ఎంపీ3 ఆడియో 128 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి దాదాపు ఒక ఎంబీ తింటుంది. మాస్టారి పాఠాలు మొత్తం 190 నిమిషాలు, అంటే 180 ఎంబీ దాటుతాయి. లింకు పంపక తప్పదు. ఆ లింకు ఎప్పటికీ పనిచేసే మామూలు చిరునామా అయితే వారం తిరక్కుండా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. గడువున్న లింకు కావాలి. ఫైళ్లను బయటివారికి కనపడని చోట దాచి, అడిగినప్పుడల్లా కొద్దిసేపు పనిచేసే సంతకం చేసిన చిరునామా పుట్టించవచ్చు. ఫైళ్లు దాచుకునే సేవ అయిన అమెజాన్ ఎస్3లో అలాంటి చిరునామా గరిష్ఠ ఆయుష్షు 7 రోజులు. నేను 10 నిమిషాలే ఇస్తాను. కొన్నవారి చేతిలో ఉండేది మా సొంత పేజీ లింకు. వారు ఆ పేజీలో మీట నొక్కినప్పుడల్లా కొత్త చిరునామా పుడుతుంది.

"మూడుసార్లు మాత్రమే దించుకోవచ్చు" అని లెక్క పెట్టాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. లింకు తెరిచిన ప్రతిసారీ తెరిచింది మనిషే కానక్కరలేదు. మెసేజీ యాప్‌లు లింకు కింద చిన్న బొమ్మా శీర్షికా చూపించడానికి దాన్ని ముందే తెరుస్తాయి. కొన్ని కార్యాలయాల మెయిల్ వ్యవస్థలు వైరస్ ఉందేమోనని తామే నొక్కి చూస్తాయి. ఇక పెద్ద ఫైలును ఫోన్లు ముక్కలు ముక్కలుగా అడుగుతాయి, మధ్యలో ఆగితే ఆగిన చోటు నుంచి మళ్లీ అడుగుతాయి. అలా అడిగిన ప్రతిసారినీ ఒక డౌన్‌లోడ్‌గా లెక్కేస్తే, పాపం కొన్నవారు ఒక్క పాఠమైనా వినకముందే "మీ పరిమితి అయిపోయింది" అని చూస్తారు. అందుకే పేజీలో మీట నొక్కినదాన్నే లెక్కించాలి. పరిమితి కూడా ఉదారంగా ఉండాలి. ఫోను మారుతుంది, మెమరీ నిండిపోతుంది, పిల్లలు చెరిపేస్తారు. డబ్బిచ్చి కొన్న మనిషిని దొంగగా చూసే దుకాణం నాకు గిట్టదు.

దొంగతనం మాటకొస్తే, ఒకసారి చేతికి వెళ్లిన ఫైలుకు పూర్తి తాళం వేయడం ఎవరి తరమూ కాదు. మేము చేసింది ఒకటే. ప్రతి పీడీఎఫ్ పేజీ అడుగున కొన్నవారి పేరూ ఆర్డరు సంఖ్యా చిన్న అక్షరాల్లో అచ్చవుతాయి. తన పేరున్న పుస్తకాన్ని నలుగురిలో పెట్టడానికి మనిషి కాస్త వెనకాడతాడు. అంతకు మించి కట్టుదిట్టాలకు పోయి, నిజంగా సాధన చేసుకునే పిల్లలకు అడ్డం పడడం మాస్టారికీ ఇష్టం లేదు.

తెలుగు పుస్తకాలు అమ్మేవారికి ప్రత్యేకంగా రెండు మాటలు. పాత డీటీపీ ఫాంట్లతో కూర్చిన పుస్తకాన్ని పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును ఫైలులోనే పొదగాలి. లేకపోతే మీ కంప్యూటర్‌లో ముత్యాల్లా కనిపించిన అక్షరాలు కొన్నవారి ఫోనులో అర్థంలేని గుర్తులవుతాయి. రెండోది, అన్ని పాఠాలనూ ఒక జిప్ ఫైలులో కట్టి ఇవ్వకండి. మన కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఫోనులోనే కొంటారు, ఫోనులోనే వింటారు. జిప్ విప్పడం చాలామందికి తెలియదు. మేము 22 పాఠాలకూ 22 మీటలు పెట్టాక "ఫైలు తెరుచుకోవడం లేదు" అన్న ఫోన్లు ఆగిపోయాయి.

ఇదంతా సొంతంగా కట్టుకోవాలా? అక్కరలేదు. పది ఇరవై అమ్మకాలతో మొదలుపెట్టేవారు ఇన్‌స్టామోజో లాంటి చోట ఫైలు ఎక్కించి, ధర పెట్టి, లింకు పంచుకుంటే చాలు. ఆర్డరు, కబురు, ఫైలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్‌లో ఊకామర్స్ అనే దుకాణం ప్లగిన్ పెట్టుకుంటే మధ్యదారి. అందులో ఒక మెలిక ఉంది. వస్తువును డౌన్‌లోడబుల్ అని మాత్రమే గుర్తుపెట్టి, వర్చువల్ అన్న గడిని వదిలేస్తే, డబ్బు వచ్చాక కూడా ఆర్డరు "ప్రాసెసింగ్" దగ్గరే ఆగుతుంది. పార్సిల్ పంపవలసి ఉందని అది అనుకుంటుంది. రెండు గడులూ టిక్కు చేస్తేనే దానంతట అదే పూర్తవుతుంది. ఆటోమేటిక్‌గా ఏదీ వెళ్లడం లేదని నన్ను పిలిచినవారిలో సగం మందికి కావలసింది ఆ ఒక్క టిక్కే.

అమ్మే హక్కు మనదేనా అన్నది కూడా చూసుకోవాలి. మన చట్టంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు రచన మీద హక్కు ఉంటుంది. త్యాగరాజు 1847లో, నారాయణదాసు గారు 1945లో కన్నుమూశారు. వారి కృతులకు ఎవరైనా సొంతంగా స్వరలిపి రాసి అమ్ముకోవచ్చు. కానీ ఆ కృతిని మరొకరు పాడిన రికార్డింగు వేరే ఆస్తి. దానికి విడిగా 60 ఏళ్ల హక్కు, అది ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి లెక్క. పన్ను సంగతి చూస్తే, ఇలాంటి సేవల మొత్తం వ్యాపారం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు మామూలుగా జీఎస్టీ నమోదు అక్కరలేదు. ఒకే పాన్ మీద వేరే వ్యాపారం ఉంటే అదీ కలుస్తుంది కాబట్టి మీ ఆడిటరును ఒకసారి అడగండి.

డబ్బు ముట్టిందని గేట్‌వే చెబుతుంది. మరి పాఠాలు ముట్టాయని ఎవరు చెబుతారు? దీనికి సౌండ్ బాక్స్ లేదు. మెయిల్ పంపామని మన సర్వర్ రాసుకుంటుంది, అది స్పామ్‌లో పడిందో లేదో దానికి తెలియదు. మెయిల్ నిజంగా మన దగ్గర నుంచే వచ్చిందని చెప్పే ఎస్‌పీఎఫ్, డీకిమ్ నమోదులు మన డొమైన్‌కు (వెబ్‌సైటు పేరుకు) సరిగా పెట్టుకుంటే మెయిల్ స్పామ్‌లో పడడం తగ్గుతుంది. మెయిల్‌తో పాటు తెర మీదా లింకు చూపించాలి. చిరునామాను రెండుసార్లు టైపు చేయించడం కంటే, టైపు చేసినదాన్ని పెద్ద అక్షరాల్లో చూపించి "ఇది సరేనా" అని అడగడం మెరుగని నా అనుభవం.

అయినా కొన్ని జారిపోతాయి. అందుకే రోజూ ఉదయం ఆరున్నరకు మా సర్వర్ రెండు జాబితాలు పక్కపక్కన పెడుతుంది. నిన్న గేట్‌వేకి ముట్టిన చెల్లింపులు ఒకవైపు, మీట నొక్కి పాఠాలు దించుకున్నవారు ఒకవైపు. రెంటికీ పొంతన కుదరని పేర్లు మాస్టారి ఫోనుకు వస్తాయి. ఆయన సాధన ముగించి, వయొలిన్ పెట్టెలో సర్ది, ఆ పేర్లను పెన్సిలుతో కాగితం మీద రాసుకుంటారు.

మొన్న ఒకే పేరు వచ్చింది. పాలకొండ నుంచి ఎవరో తల్లి, ముందురోజు రాత్రి 249 రూపాయలు కట్టారు. మెయిల్ చిరునామా చివర "కామ్" బదులు "కాన్" అని పడింది. మాస్టారు ఫోను చేశారు. "అమ్మా, మీ అబ్బాయి పాఠాలు ఇంకా అందలేదు కదూ. తప్పు మీది కాదు, ఒక్క అక్షరం తేడా. ఇప్పుడే వాట్సాప్‌లో లింకు పంపుతున్నాను, మొదటి పాఠం తెరుచుకునేదాకా ఫోను పెట్టకండి." కాసేపటికి అవతలి నుంచి ఆయన వాయించిన సరిగమలే ఆయనకు సన్నగా వినిపించాయి. ఆ పేరు మీద పెన్సిలుతో ఒక గీత గీసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.